పాలు పిండే చేతికి చెప్పండి సార్

"మీ ఆయన రాలేదా అమ్మా?"

పశువుల దవాఖానకు బర్రెను తోలుకపోయిన ఆడమనిషిని మొదట అడిగే మాట ఇది. బర్రె ఎన్నడు ఈనింది, మేత ముడుతుందా, పాలు ఎన్ని తగ్గినయి, పెండ ఎట్లా పడుతుంది, ఇవన్నీ తర్వాత. పగ్గం ఆమె చేతిలోనే ఉంటుంది. రాత్రంతా కొట్టంలో బర్రె పక్కన కూర్చున్నది ఆమెనే. అయినా సారు చూపు ఆమె తల మీదుగా పోయి, వెనక ఎవరైనా మగమనిషి ఉన్నాడేమోనని వెతుకుతుంది. ఎవరూ లేకపోతే, వేరే ఎద్దును పట్టుకొని పక్కన నిలబడ్డ వాళ్ల ఊరాయనకు చెప్పి పంపుతారు. "పటేలా, వీళ్ల ఇంటికాడ చెప్పు, ఎల్లుండి మళ్లా తోలుకరమ్మను" అని. ఆమె అక్కడే నిలబడి ఉంటుంది. చెవులు కూడా బాగానే వినపడతాయి.

మా బీర్పూర్ వైపు ఆ మొదటి ప్రశ్నకు చాలా ఇండ్లల్లో జవాబు ఒక్కటే. "దుబాయిల ఉన్నడు సార్." దుబాయి కాకపోతే మస్కట్, అదీ కాకపోతే సౌదీ. జగిత్యాల, రాయికల్, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, ఈ చుట్టుపక్కల నుంచి మగవాళ్లు గల్ఫ్‌కు పోవడం నిన్నా మొన్నా మొదలైంది కాదు. రెండేండ్లకోసారి చుట్టంలాగ వచ్చిపోయే మనిషికి ఇంట్లో ఇప్పుడున్నది ఏ బర్రెనో కూడా ఫోటోలో చూసి గుర్తుపట్టాల్సిందే. ఊర్లోనే ఉన్న మగవాళ్లయినా పొద్దున పొలానికో, పనికో, సిరిసిల్ల దిక్కయితే సాంచాల మీదికో పోతారు. గడ్డి కోసుకొచ్చేది, కుడితి పెట్టేది, పెండ తీసేది, పాలు పిండేది, ఎదకు వచ్చిందని గుర్తుపట్టేది, ఈనేటప్పుడు పక్కన నిలబడేది, మాయ పడ్డదా లేదా అని చూసేది ఎవరో దవాఖాన సార్లకు తెలియదా? తెలుసు. తెలిసే మాట పక్కకు పోతుంది.

ఇది మర్యాద గురించిన పంచాయితీ అయితే ఇంత పొడుగు రాయకపోదును. ఆడవాళ్లతో సరిగ్గా మాట్లాడని ఆఫీసులు ఇంకా శానా ఉన్నాయి, మనం అలవాటు పడ్డాం. కానీ పశువుల డాక్టరు చెప్పకుండా వదిలేసిన మాట నేరుగా మన పొయ్యి మీదికి, పిల్లల గ్లాసులోకి, మన ఒంట్లోకి వస్తుంది. అందుకే ఈ మాట గట్టిగా అనాలనిపించింది. వాళ్ల వైద్యం మీద నాకు ఫిర్యాదు లేదు. సూది సరిగ్గానే వేస్తారు, మందు సరిగ్గానే ఇస్తారు. ఆ సూది గురించి, ఆ మందు గురించి బర్రెను సాకే మనిషికి చెప్పరు. చెప్పని వైద్యం సగం వైద్యమే.

ముందు పాల సంగతే తీసుకుందాం.

బర్రెకు పొదుగువాపు వచ్చింది. ఒక చన్ను గట్టిపడింది, పాలు విరిగినట్టు, ఒక్కోసారి నెత్తురు జీరతో వస్తున్నాయి. డాక్టరు చూసి చన్నులోకి ట్యూబు ఎక్కిస్తారు, మెడకు సూది వేస్తారు. మూడు రోజులకు వాపు దిగుతుంది. పాలు తెల్లగా వస్తాయి. మనం సంతోషపడి పిల్లలకు పోస్తాం, మిగిలినవి పాలకేంద్రంలో పోస్తాం. తర్వాత తోడు పెడితే పెరుగు తోడుకోదు. నీళ్లనీళ్లగా, సాగుతూ ఉంటుంది. "తోడు మంచిగలేదు" అనుకుంటాం. పక్కింటి అక్క దగ్గర కొత్త తోడు తెచ్చి మళ్లీ పెడతాం. మళ్లీ అంతే. అత్తమ్మ "ఎవరిదో దిష్టి తగిలింది" అంటుంది.

దిష్టి కాదు అక్కలారా. బర్రెకు వేసిన యాంటీబయాటిక్ పాలల్లోకి దిగుతుంది. చెడ్డ సూక్ష్మజీవిని చంపిన ఆ మందే తోడులో ఉన్న మంచి సూక్ష్మజీవిని కూడా పెరగనివ్వదు, అందుకే పెరుగు పేరుకోదు. ప్రయోగశాల లేకుండా మన వంటింట్లోనే జరిగే పరీక్ష ఇది. బాగా మరిగిస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. మందు చాలావరకు అట్లాగే ఉంటుంది. పెన్సిలిన్ పడని పిల్లవాడు ఆ పాలు తాగితే ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు. రోజూ కొంచెం కొంచెంగా ఆ మందు ఒంట్లోకి పోతుంటే, రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు అదే మందు పనిచేయకుండా పోయే ప్రమాదం ఊరందరికీ ఉంటుంది.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. ఔషధాల నియమావళిని 2012లో సవరించి, తినే పాలు, గుడ్లు, మాంసం ఇచ్చే పశువులకు వాడే మందుల డబ్బా మీద "ఎన్ని రోజులు వాడకూడదు" అన్న గడువు రాయాలని పెట్టారు. ఏ మందుకైనా ఆ గడువు శాస్త్రప్రకారం తేల్చి ఉండకపోతే పాలకు, గుడ్లకు తక్కువలో తక్కువ 7 రోజులు, మాంసానికి 28 రోజులు అని కూడా అందులోనే ఉంది. అంటే ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు ఈ సంగతి తెలుసు. మందు కంపెనీకి తెలుసు. డాక్టరుకు తెలుసు. తెలియనిది పాలు పిండే మనిషికి ఒక్కతికే.

డబ్బా మీద రాసి ఉంది కదా అంటారు. ఆ రాత ఎక్కడ ఉంటుంది? చిటికెనవేలంత సీసా మీద, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ సీసా కూడా మన చేతికి రాదు, డాక్టరు సంచిలోనే తిరిగిపోతుంది, లేదంటే కొట్టం పక్క చెత్తలో పడుతుంది. మన చేతికి వచ్చేది ఒక చిట్టీ. ఆ చిట్టీ మందుల దుకాణపాయనకు రాసిన ఉత్తరం, మనకు రాసింది కాదు. "అమ్మా, వచ్చే ఆదివారం దాకా ఈ బర్రె పాలు ఇంట్లో తాగొద్దు, కేంద్రంలో పోయొద్దు, దుడ్డెకు కూడా తాపొద్దు" అనే మాటకు ఎంతసేపు పడుతుంది? సూది మూత పెట్టేంత సేపు.

చెబితే మనం వింటామా అని కూడా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పూటకు మూడు లీటర్లు ఇచ్చే బర్రె పాలు వారం రోజులు పారబోయడం అంటే బీడీలు చుట్టి, పాలు అమ్మి ఇల్లు నడిపే మనిషికి చిన్న మాట కాదు. కొందరు వినకపోవచ్చు. అయితే, వినాలో వద్దో తేల్చుకునే హక్కు మనకు ఉండాలంటే ముందు మాట మన చెవిన పడాలి. నాకు తెలిసిన ఏ తల్లీ తెలిసి తెలిసి మందు కలిసిన పాలు పిల్లకు పోయదు. అమ్మకపోతే గడవని ఇంట్లో కూడా పసిపిల్ల గ్లాసు మాత్రం పక్కన పెడుతుంది.

ఇక రెండోది, నాకు ఇంకా కడుపు మండేది.

ఒక ఊర్లో, ఆ ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు, చూడి బర్రె ఏడో నెలలో ఈసుకపోయింది. మాయ పడలేదు. డాక్టరును పిలిచారు. ఆయన వచ్చి భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకున్నాడు, చేయి పెట్టి మాయ తీశాడు, లోపల మాత్రలు పెట్టాడు. అంతా పద్ధతిగా చేశాడు. తర్వాత ఆ తొడుగు తీసేసి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కొని, కింద పడ్డ మాయను చూపించి ఇంటామెతో "అమ్మా, ఇది తీసుకపోయి అవతల పారెయ్" అన్నాడు. ఆమె ఉత్త చేతులతో ఎత్తి, గంపలో వేసుకొని, నెత్తి మీద పెట్టుకొని పోయింది. ఆమె కోడలు నాలుగు నెలల కడుపుతో ఉంది. చచ్చిన దుడ్డెను పక్కకు లాగి, ఆ చోటు ఊడ్చి, కడిగింది ఆ పిల్లనే.

తొడుగు వేసుకున్న మనిషికి తెలుసు ఆ మాయలో ఏం ఉండొచ్చో. ఆ తెలివి ఆయన చేతికి కాపలా కాసింది. ఆమె చేతి దాకా రాలేదు.

పశువుల్లో బ్రూసెల్లోసిస్ అనే జబ్బు ఉంది. మనవాళ్లు "ఈసుకపోయే రోగం" అంటారు. చూడి చివరి నెలల్లో పిండం పడిపోవడం, మాయ పడకపోవడం దాని గుర్తులు. ఈసుకపోయిన ప్రతి బర్రెకూ అదే అని కాదు, వేరే కారణాలు కూడా ఉంటాయి. కానీ పరీక్ష చేసేదాకా అదేనేమో అనుకొని జాగ్రత్త పడాల్సిందే. ఎందుకంటే ఇది మనుషులకు వస్తుంది. మాయ, ఉమ్మనీరు, చచ్చిపుట్టిన దూడను ఉత్త చేతులతో ముట్టుకుంటే, చేతి మీద చిన్న గాటు ఉన్నా చాలు. కాచని పాలు తాగినా వస్తుంది. పొదుగు దగ్గరే పిల్లలకు గిలాసలో పట్టించే గుమ్మపాలు బలమని మన పెద్దలు అంటారు. అదే దారి.

మనిషికి వస్తే ఏమవుతుంది? జ్వరం వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. రాత్రిళ్లు చెమటలు. నడుము, కీళ్లు విరిగినట్టు నొప్పి. నీరసం. గడపలో ఉన్న డాక్టరు టైఫాయిడ్ అంటాడు, మలేరియా అంటాడు, మందులు ఇస్తాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబడుతుంది. "పని తప్పించుకోవడానికి నడుము నొప్పి అంటుంది" అనిపించుకునే ఆడవాళ్లలో ఎంతమంది ఒంట్లో ఇది ఉందో ఎవరు పరీక్ష చేశారు? నెత్తురు పరీక్షలో తెలుస్తుంది, మందు ఉంది, కానీ కనీసం ఆరు వారాలు రెండు రకాల మందులు కలిపి వాడాలి. కడుపుతో ఉన్నవాళ్లకు వస్తే గర్భం పోయే ప్రమాదం ఉంది. మనుషుల డాక్టరు "మీ ఇంట్లో బర్రె ఈసుకపోయిందా?" అని అడగడు. పశువుల డాక్టరు "మీ ఇంట్లో ఎవరికైనా విడవని జ్వరం ఉందా?" అని అడగడు. ఇద్దరి మధ్యలో ఉన్నది మనం.

ఈ జబ్బు కథ కొత్తది కూడా కాదు. మధ్యధరా సముద్రంలో మాల్టా అనే దీవి ఉంది. అక్కడ ఇంగ్లీషు సిపాయిలు ఏండ్ల తరబడి విడవని జ్వరంతో మంచం పట్టేవాళ్లు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక డాక్టరు ఆ సూక్ష్మజీవిని కనిపెట్టాడు. కానీ అది ఎక్కడి నుంచి వస్తుందో తెలియలేదు. 1905లో థెమిస్టాక్లిస్ జమ్మిట్ అనే మాల్టా డాక్టరు చూడటానికి ఆరోగ్యంగా ఉన్న మేకల్లోనే అది ఉందని తేల్చాడు. మరుసటేడు సిపాయిలకు మేకపాలు ఆపేశారు. వాళ్లలో జ్వరం చాలావరకు తగ్గిపోయింది. కొత్త మందు వచ్చి కాదు. "ఈ పాలు తాగొద్దు" అన్న మాట తాగేవాళ్ల దాకా చేరినందుకు. నూట ఇరవై ఏండ్ల కింద ఒక దీవిలో సిపాయిలకు చెప్పగలిగిన మాట ఇయ్యాల మన కొట్టంలో మనకు చెప్పలేరా?

అది కూడా పెద్ద మాట కాదు. "అమ్మా, ఉత్త చేతులతో ముట్టుకోకు. ప్లాస్టిక్ కవర్లయినా చేతులకు తొడుక్కో. లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చు, కుక్కలకు వేయకు, కాలువలో పడేయకు. కడుపుతో ఉన్న పిల్లను కొట్టంలోకి రానివ్వకు. పాలు బాగా పొంగించి తాగండి. జ్వరం వస్తే దవాఖానలో బర్రె సంగతి చెప్పు." ఆరు ముక్కలు. అంతే.

మూడోది పిచ్చికుక్క సంగతి. కుక్క కరిచిన బర్రె కొన్నాళ్లకు నోటివెంట సొంగ కారుస్తూ, మేత మింగలేక అవస్థపడుతుంటే, గొంతులో ఏదో అడ్డం పడ్డదని మనం నోట్లో చేయి పెట్టి చూస్తాం. మందు పోసేది కూడా మనమే, దవడ పట్టుకొని. డాక్టరు వచ్చి చూసి, అనుమానపడి, "ఇది బతకదు" అని మగవాళ్లకు చెప్పి పోతే సరిపోదు. "దీని నోట్లో చేయి పెట్టింది ఎవరు?" అని అడగాలి. ఆ మనిషిని అదే రోజు సర్కారు దవాఖానకు పంపాలి. రేబిస్ ఒకసారి బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు, ముందుగా టీకా వేసుకుంటే ఆపొచ్చు. ఆ ఒక్క ప్రశ్న అడగడమా మానడమా అన్నది ఒక ప్రాణం సంగతి.

ఇగ పైసల మాట. సంఘంలో అప్పు తీసుకొని కొన్న బర్రె అది. నెలనెలా కిస్తీ కడుతున్నది దాని పాల మీదనే. అది పడిపోతే డాక్టరును "ఏమంటరు సార్?" అని అడిగితే వచ్చే జవాబు "చూద్దాం." మూడు రోజులు సెలైన్లు ఎక్కుతాయి. రోజూ బయట మందులు రాస్తారు. ఇచ్చే పైసల్లో ఫీజు ఎంత, మందు ధర ఎంత, పెట్రోలు ఎంత అన్నది చెప్పేవాళ్లుండరు. నాలుగో రోజు బర్రె పోతుంది. "మొదటి రోజే అనుకున్న, కష్టమే అని" అంటారు అప్పుడు. మొదటి రోజే అనుకుంటే మొదటి రోజే చెప్పాలి కదా! "నూటికి పది పాళ్లే ఆశ ఉంది, ఇంత ఖర్చవుతుంది, చేయమంటావా?" అంటే, చేయమనాలో వద్దో ఆ ఇల్లాలికి తెలుసు. ఆమె ఇంటి లెక్క ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? ఆశ ఉందో లేదో చెప్పకుండా ఖర్చు పెట్టించడం జాలి అనిపించుకోదు.

ఈ గోస మన ఒక్కరిదే అనుకోకండి. బ్రిటన్‌లో కుక్కలు, పిల్లుల దవాఖానల మీద అక్కడి పోటీ వ్యవహారాల సంస్థ 2024 మే నెలలో అధికారికంగా విచారణ మొదలుపెట్టింది. ధరలు ముందుగా తెలియడం లేదు, వేరే దారి ఏముందో జనానికి చెప్పడం లేదన్నవి అందులో ముఖ్యమైన సంగతులు. పిల్లిని సాకుకునే దొరసానికి ముందే ధర తెలియాలని అక్కడ ప్రభుత్వ సంస్థ పట్టుబడుతుంటే, బర్రె మీద బతికే మనిషికి తెలియాల్సిన పని లేదా?

చెప్పకపోతే నష్టం మనకే అనుకుంటారేమో, పశువైద్య శాఖకు కూడా నష్టమే. కేంద్రం 2019 సెప్టెంబరులో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ జబ్బులను అదుపు చేయడానికి జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఐదేండ్లకు 13,343 కోట్ల రూపాయలు పెట్టింది. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, ఉచితంగా. ఊర్లోకి టీకా బృందం వస్తుందని చాటింపు వేస్తారు. వచ్చిన రోజు కొందరు బర్రెలను చెలకల దిక్కు తోలేసి దాచిపెడతారు. ఎందుకు? పోయినసారి సూది వేస్తే రెండు రోజులు పాలు తగ్గినయి, మెడకాడ గడ్డ కట్టింది. "రెండు మూడు రోజులు పాలు కొంచెం తగ్గొచ్చు, ఒళ్లు వెచ్చబడొచ్చు, భయపడకండి, మళ్లీ మామూలవుతుంది" అని ముందే చెప్పి ఉంటే ఎవరు దాస్తారు? చెప్పనందుకు పుట్టిన భయం అది. దాన్ని "పల్లెటూరి మూఢనమ్మకం" అని రిపోర్టులో రాసుకుంటారు. 2022లో లంపి చర్మవ్యాధి వచ్చినప్పుడూ ఇదే అయింది. ఆ జబ్బు మనుషులకు రాదు, కాచిన పాలు తాగొచ్చు. కానీ దవాఖాన మాట ఇంటికి రాకముందే వాట్సాప్ పుకారు వచ్చి కూర్చుంది.

బ్రూసెల్లోసిస్ టీకా సంగతి ఇంకా విచిత్రం. అది 4 నుంచి 8 నెలల వయసున్న ఆడ దూడలకే వేయాలి. ఒక్కసారి వేస్తే చాలు. ఆ వయసు దాటితే అవకాశం పోయినట్టే. మరి కొట్టంలో దుడ్డె ఏ నెలలో పుట్టిందో లెక్క చెప్పగలిగేది ఎవరు? "బతుకమ్మ పండుగ ముందటి శుక్రవారం పుట్టింది సార్" అని టక్కున చెప్పేది ఆమెనే. ఆమెకు ఈ 4-8 నెలల మాట ఒక్కసారి చెబితే, ఆమెనే ఫోన్ చేసి పిలిపిస్తుంది. ఇన్ని కోట్ల కార్యక్రమానికి ఊరూరా జీతం లేని కావలిమనిషి దొరుకుతుంది.

మన ఒంటికి కడుపు వస్తే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి కార్డు ఇస్తుంది. బొమ్మలతో, తెలుగులో, ఏ నెల ఏ సూది, ఏ గుర్తు కనిపిస్తే దవాఖానకు పరుగెత్తాలి అని రాసి ఉంటుంది. చదువు రాని అవ్వ కూడా ఆ కార్డు చూసి తారీఖు అడిగి తెలుసుకుంటుంది. బర్రె చెవికి మాత్రం 12 అంకెల పసుపు బిళ్ల ఉంటుంది. దాని లెక్కంతా కంప్యూటర్లో ఉంటుంది. ఆ జాతీయ కార్యక్రమంలో పశువుకు ఆరోగ్య కార్డు ఉండాలనే మాట కూడా ఉంది. మీ కొట్టంలో బర్రె కార్డు ఉందా? ఉంటే దాని మీద చివరిసారి ఎప్పుడు రాశారో ఒకసారి తీసి చూడండి.

సార్ల జవాబులు నాకు తెలుసు. ఒక్కొక్కటి తీసుకుంటా.

"టైం లేదమ్మా, ఒక్క డాక్టరుకు ఎన్ని ఊర్లో తెలుసా?" నిజమే. ఎండలో, వానలో బండి మీద తిరిగే వాళ్లను చూస్తూనే ఉన్నాం. 2019 పశుగణన లెక్కల్లోనే మన రాష్ట్రంలో 42 లక్షల బర్రెలు, కోటీ 90 లక్షల గొర్రెలు. మనుషులు తక్కువ, పని ఎక్కువ. కానీ పైన నేను అడిగిన ఏ మాటా నిమిషం దాటదు. ఒక్కసారి చెప్పిన మాట పది వాడల్లో తిరుగుతుంది, ఆడవాళ్ల నోట మాట ఎంత త్వరగా పోతుందో సార్లే ఎగతాళి చేస్తారు కదా, ఆ గుణాన్ని వాడుకోండి.

"వాళ్లకు చదువు రాదు, చెబితే అర్థం కాదు." సంఘం పుస్తకాలు రాసేది, బ్యాంకులో లక్షల అప్పుకు సంతకం పెట్టేది, దుబాయి నుంచి వచ్చిన పైసలు ఫోన్‌లో చూసుకునేది ఆ ఆడవాళ్లే. అర్థం కానిది జబ్బు కాదు, మీ ఇంగ్లీషు. "మాస్టైటిస్" అంటే అర్థం కాదు, "పొదుగువాపు" అంటే అందరికీ అర్థమవుతుంది. చదవడం రాకపోతే వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపండి, పది మంది కలిసి వింటారు.

"ఆడవాళ్లే ముందుకొచ్చి అడగరు." అడిగితే ఏమంటారో గుర్తు చేసుకోండి. "నీకెందుకమ్మా అవన్నీ, చెప్పింది చెయ్." ఆ మాట ఒక్కసారి విన్నాక రెండోసారి ఎవరు అడుగుతారు?

మంచి జరగలేదని కూడా అనను. 2017లో మన రాష్ట్రంలో 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు, వంద బండ్లు, మొదలయ్యాయి. మగదిక్కు ఇంట్లో లేని ఆడమనిషి, బర్రెను ఆరు కిలోమీటర్లు నడిపించకుండా, ఫోన్ చేసి డాక్టరును కొట్టం దగ్గరికి పిలిపించుకునే వీలు అట్లా వచ్చింది. అది చిన్న సంగతి కాదు. ఇక బండి వచ్చిపోయాక ఇంట్లో మిగలాల్సిన కాగితం గురించే నా మాట. కోరుట్లలో పశువైద్య కళాశాల మనకు పక్కనే ఉంది. ఆడపిల్లలు కూడా అక్కడ డాక్టరు చదువు చదువుతున్నారు. రైతులకు ఎట్లా చెప్పాలో నేర్పే పాఠం వాళ్ల చదువులో ఉంది. ఆ పాఠంలో "రైతు" అంటే తలపాగా చుట్టుకున్న బొమ్మే ఉంటే ఇకనైనా మార్చండి. కొట్టంలో చీర కొంగు నడుముకు చెక్కుకున్న మనిషి బొమ్మ కూడా పెట్టండి. చదువుకునే ఆ పిల్లలను మా ఊర్లకు పంపండి, బర్రెల భాష ఎట్లుంటదో మేం నేర్పుతాం.

మేం అడిగేది ఇంతే.

పశువును సాకేది ఎవరో మొదట అడగండి. ఆ మనిషి పేరు, ఆ మనిషి ఫోన్ నంబరు రాసుకోండి. దుబాయిలో ఉన్న నంబరుకు టీకా మెసేజ్ పోతే కొట్టంలో ఎవరు చదువుతారు?

జబ్బు పేరు తెలుగులో చెప్పండి. పాలు ఏ తారీఖు దాకా వాడొద్దో చిట్టీ మీద తెలుగు అంకెలో, ఇంగ్లీషు అంకెలో, ఏదైనా సరే, పెద్దగా రాయండి.

ఈ జబ్బు మనుషులకు వస్తుందా రాదా, ఒక్క మాట చెప్పండి. వస్తుందంటే చేతికి ఒక జత తొడుగులు ఇవ్వండి. మీ సంచిలో ఉన్నవే.

ఎంత ఖర్చు, ఎంత ఆశ, మొదటి రోజే చెప్పండి. చెడ్డ మాటైనా సరే. ఆడవాళ్లు తట్టుకోలేరని మీరు భయపడొద్దు, తట్టుకోవడం మాకు కొత్త కాదు.

మళ్లీ ఎప్పుడు చూపించాలి, ఏ గుర్తు కనిపిస్తే రాత్రయినా ఫోన్ చేయాలి, అది చెప్పి బండి ఎక్కండి.

ఇక చదువుతున్న అక్కలకు, చెల్లెళ్లకు ఒక మాట. ఈసారి డాక్టరు కొట్టం దగ్గరికి వస్తే ఆయన చేతులు కడుక్కునే దాకా చెంబు పట్టుకొని మౌనంగా నిలబడకండి. నీళ్లు పోస్తూనే రెండు ప్రశ్నలు అడగండి. "సార్, ఈ పాలు ఎన్నొద్దులు తాగొద్దు? ఇది మాకు అంటుకుంటదా?" జవాబు వచ్చేదాకా చెంబు కింద పెట్టకండి. మీ సంఘం మీటింగులో ఈ రెండు ప్రశ్నలు అందరికీ నేర్పండి, తీర్మానం పుస్తకంలో రాయండి, గ్రామసభలో చదవండి. నలభై ఇండ్లల్లో నలభై మంది ఇదే అడిగితే, నలభై ఒకటో ఇంట్లో సారు అడగకుండానే చెబుతారు.